సత్రంవానికిచ్చిన రెండు దీనారాలు



మంచి సమరీయుని ఉపమానం (లూకా 10: 25-37) మనందరికీ కంఠస్థమే. అయితే అందులో ఒక మనిషిని మనం పట్టించుకోము. అతడు సత్రం యజమాని. సమరీయుడు గాయాలకు కట్టు కట్టి, ఆ రాత్రి దగ్గరుండి, మర్నాడు తన పనిమీద వెళ్ళిపోయాడు. తరువాత ఆ రోగికి గంజి తాగించి, కట్లు మార్చి, అర్ధరాత్రి లేచి చూసినవాడు సత్రంవాడే అయి ఉండాలి. నేటి భాషలో చెప్పాలంటే నర్సు. అతనితో సమరీయుడు "పుణ్యం వస్తుంది, చూసుకో" అనలేదు. రెండు దీనారాలు చేతిలో పెట్టాడు. ఆ కాలంలో దీనారం అంటే కూలివాని ఒకరోజు వేతనం. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానని మాట కూడ ఇచ్చాడు.

ఇదెందుకు ఎత్తానంటే, "ఇప్పటి నర్సులలో సేవాభావం లేదు ఫాదర్, రెండేళ్ళు చేసి గల్ఫుకో, ఇంగ్లండుకో వెళ్ళిపోతున్నారు" అనే మాట ఆసుపత్రులు నడిపేవారి నోట తరచు వింటున్నాను. అలా అనేవారిలో మన గురువులు, మఠకన్యలు కూడ ఉన్నారు. వెళ్ళిపోయేవారి సంగతి కూడ వినాలి కదా! తండ్రి అప్పుచేసి నాలుగేళ్ళు బి.ఎస్సీ. నర్సింగ్ చదివిస్తాడు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాల ప్రకారం బోధనాసుపత్రి మామూలు వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రులలో ఐదుగురికి ఒకరు ఉండాలి. రాత్రిపూట ఇరవై మంచాలకు ఒక్కతే తిరిగే పిల్లలను నేనెరుగుదును. డాక్టరు రాలేదన్న కోపం కూడ బంధువులు ఆమెమీదే చూపుతారు.

జీతం సంగతి చూడండి. సుప్రీంకోర్టు ఆదేశం మేరకు కేంద్రం నియమించిన కమిటీ 2016లో కొన్ని సిఫారసులు చేసింది. 50 పడకలలోపు ప్రైవేటు ఆసుపత్రిలో సైతం నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదు. 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి. ఈ సిఫారసులు చాలాచోట్ల కాగితంమీదే ఉండిపోయాయి. పైగా పిల్లల సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేసి వారిని నిలుపుకొనే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. దానికి నేనేమని పేరు పెట్టను?

న్యాయంగా చెల్లించవలసినదాన్ని దానంగా ఇవ్వకూడదని రెండవ వాటికన్ మహాసభ 1965లో లౌకికుల ప్రేషిత కార్యాన్ని గూర్చిన పత్రంలో బోధించింది. సెమినరీలో తత్త్వశాస్త్రం చెప్పిన గురువులు మాకు నేర్పిన క్రమం కూడ అదే. న్యాయం ముందు, దాతృత్వం తరువాత. జీతానికి బదులు "సేవ" అనే పవిత్రమైన మాటను చేతిలో పెడితే, ఆ పిల్ల రేపు ఆ మాటనే అసహ్యించుకుంటుంది.

1920లో ఆస్ట్రేలియానుండి గుంటూరు వచ్చిన సిస్టర్ డాక్టర్ మేరీ గ్లౌరీ తానొక్కతే అందరినీ చూడలేనని గ్రహించి, స్థానిక స్త్రీలకు వైద్యసేవలో శిక్షణ ఇచ్చారు. 1943లో కథోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. ఆమె వారసులమని చెప్పుకొనే మనకు పిల్లలను చేర్చుకోవడం బాగానే వచ్చు. అలసినప్పుడు ఆదుకోవడమే రాలేదు. అలసిపోయి చావు కోరుకుంటూ చెట్టుక్రింద పడుకున్న ఏలీయాను (1 రాజులు 19) దేవదూత మందలించలేదు. రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మళ్ళీ నిద్రపోనిచ్చాడు. రెండవసారి లేపి తినిపించాడు. హోరేబు కొండకు ప్రయాణం ఆ తరువాతే. నైట్ డ్యూటీల తరువాత నిండుగా ఒకరోజు విశ్రాంతి, హాస్టల్లో వేడి అన్నం, బంధువులు కేకలు వేసినప్పుడు ముందుకు వచ్చి నిలబడే సూపరింటెండెంటు, ఇవన్నీ ఆ రొట్టెలాంటివే.

ఇళ్ళలోని పెద్దలకు కూడ ఒక మాట. ఫారిన్ వీసా వస్తుందని నర్సు కోడలిని కోరి తెచ్చుకొంటారు. ఆమె రాత్రి డ్యూటీ చేసి ఉదయం ఎనిమిదింటికి ఇల్లు చేరితే వంట కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. అత్తగారూ, ఆ పూట పొయ్యి మీరు వెలిగించండి. అబ్బాయి వెలిగిస్తే ఇంకా మంచిది.

ఆదివారం డ్యూటీ పడి పూజకు రాలేకపోయామని బాధపడే నర్సులు మన విచారణలో ఉన్నారు. రోగిని విడిచి రాలేకపోవడం పాపం కాదమ్మా. మీ డ్యూటీ చార్టు నాకు చూపించండి. ఆ వారం శనివారం సాయంత్రం ఆరింటికి దివ్యబలిపూజ పెడతాను, ఇద్దరే వచ్చినా సరే. నైట్ డ్యూటీకి పోవలసినవారు యూనిఫారంలోనే రావచ్చు.