సహాధ్యయనము - సౌమనస్యము

ఒకరి ఆచారములను వేరొకరు తెలిసికొన్నంతమాత్రమున వారి నడుమ సౌమనస్యము కలుగునా? కలుగునని పెక్కుమంది విశ్వాసము. కాని చరిత్ర దానిని సమర్థింపదు. తరతరములుగా ఇరుగుపొరుగున వసించి, ఒకరి పండుగలను వేరొకరు ఎరిగిన పంజాబు ప్రజలే 1947లో ఒకరినొకరు హతమార్చుకొనిరి. ఎఱుక వేరు, అవగాహన వేరు.

భిన్నవర్గముల కలయిక సత్ఫలితము నిచ్చుటకు సమాన ప్రతిపత్తి, ఉమ్మడి లక్ష్యము, పరస్పర సహకారము, అధికారుల ఆదరణ అవసరమని అమెరికా మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో ప్రతిపాదించెను. 1971లో టెక్సాసునందలి ఆస్టిన్ నగరమున, నల్లజాతి, శ్వేతజాతి, మెక్సికో సంతతి బాలలు క్రొత్తగా ఒకే తరగతిలో చేరి కలహించుచుండగా, ఎలియట్ ఆరన్సన్ తన శిష్యులతో కలిసి పాఠమును భాగములు చేసి, ఒక్కొక్క భాగమును ఒక్కొక్కరికి ఒప్పగించెను. తోటివారు చెప్పునది వినక ఎవ్వరికిని పాఠము పూర్తికాదు. అంతవరకు తిరస్కృతుడైన బాలుడే తన భాగమునకు ఆచార్యుడయ్యెను.

అంతర్జాలము ఈ పద్ధతిని సరిహద్దులు దాటింపగలదు. రావి నదినే తీసికొందము. 1960 నాటి సింధుజలముల ఒడంబడిక దానిని భారతదేశమునకు కేటాయించినది. దాని నీరు కాలువలగుండ అమృతసర ప్రాంతపు పొలములకు పారును. లాహోరు చెంత అదే నది వర్షకాలము గడచిన పిమ్మట కృశించి, నగరపు మురుగును మోయుచుండును. కాలువ నెరిగిన విద్యార్థియు, ఎండిన నది నెరిగిన విద్యార్థియు కలిసి ఆ నదీచరిత్రను రచింప బూనినచో, ఏ ఒక్కరి చేతను అది సమగ్రము కానేరదు.

ఇచట ఒక ఆక్షేపణ కలదు. ఆ రచన ఆంగ్లముననే సాగినచో, ఆంగ్లమున ఆరితేరినవారు వక్తలగుదురు, తక్కినవారు శ్రోతలుగా మిగులుదురు. సమాన ప్రతిపత్తి మొదటనే భంగమగును. వారిరువురిదియు పంజాబీ భాషయే. కాని ఒకరిది గురుముఖి లిపి, వేరొకరిది షాముఖి. మాట అర్థమగును, వ్రాత అర్థము కాదు. కనుక లిప్యంతరీకరణము, అనువాదము ఆ విద్యకు అనుబంధములు కావు. అవియే అందలి ప్రథమపాఠములు.

ఇట్టి విద్య అభిప్రాయైక్యమును సాధింపకపోవచ్చును. జలముల వివాదమును విద్యార్థులు తీర్పలేరు. కాని ఎదుటివాని బాధను, అతడు “అవును, నా మాట ఇదియే” అని అంగీకరించునట్లు చెప్పగలుగుట అలవడినచో, అంతవరకే ఆ విద్య కృతార్థము. ద్వేషము ఎదుటివాని పక్షమున తానే మాటలు కల్పించుకొని పెరుగును. ఆ మాటలు అతని నోటనే వినవలసి వచ్చినప్పుడు దాని బలము తగ్గును.