‘నాకేమీ వద్దు’ అనే ముందు

గొడవల్లేకుండా విడిపోయే జంటల్లో ఎవరో ఒకరి నోట ఈ మాట వస్తుంది: "నాకేమీ వద్దు, ఇల్లు నువ్వే ఉంచుకో." వినేవాళ్లకి ముచ్చటేస్తుంది. ఫ్యామిలీ కోర్టు వరండాల్లో తిట్టుకునేవాళ్లతో పోలిస్తే ఇదెంత సంస్కారం అనిపిస్తుంది. సంస్కారమే కావచ్చు కూడా. కానీ దానికి ముందు ఇంకో మాట రావాలి, చాలాసార్లు రాదు: "ఇందులో నాది ఎంత?"

బృహదారణ్యకోపనిషత్తులో ఇలాంటి సందర్భం ఒకటుంది. యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడిచి వెళ్లబోతూ, భార్యలు మైత్రేయికీ కాత్యాయనికీ ఉన్నది పంచేస్తానంటాడు. భూమి నిండా సంపదున్నా దానితో అమృతత్వం దొరుకుతుందా అని మైత్రేయి అడుగుతుంది. దొరకదంటాడు. అయితే అది నాకెందుకు, నీకు తెలిసింది చెప్పు అంటుంది. ఈ కథని మనం మైత్రేయి జిజ్ఞాస కోసం గుర్తుపెట్టుకుంటాం. నాకు మాత్రం ఇందులో జరిగిన వరస ముఖ్యమనిపిస్తుంది. ముందు పంపకం మాట వచ్చింది. నీకూ వాటా ఉందని భర్త ఒప్పుకున్నాడు. ఆ తర్వాతే ఆమె వద్దంది. వాటా ఉందని ఎవరూ అననిదాన్ని వద్దనుకుంటే, ఆ వద్దుకి బరువేముంటుంది?

ఇప్పుడు మన ఫ్లాట్ల కాలానికి వద్దాం. గోవాని మినహాయిస్తే, మన దేశంలో పెళ్లయినంత మాత్రాన భార్యాభర్తల ఆస్తి ఉమ్మడి అయిపోదు. దస్తావేజులో ఎవరి పేరుంది, డబ్బు ఎవరు కట్టారు అన్నదే ప్రధానంగా చూస్తారు. హైదరాబాద్‌లో ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులైన జంటని ఊహించండి. ఫ్లాటు అతని పేరు మీద ఉంది. అతని జీతం ఈఎమ్ఐకి పోయింది. ఆమె జీతం కిరాణాకి, పాప స్కూలు ఫీజుకి, పనమ్మాయికి, అత్తగారి మందులకి పోయింది. ఇద్దరూ దాదాపు సమానంగానే ఖర్చుపెట్టారు. పదేళ్లయ్యేసరికి అతని ఖర్చు గోడలై నిలబడింది, ఆమెది ఏ రోజుకారోజు అయిపోయింది. ఆమె ఖర్చులే లేకపోతే అతను ఈఎమ్ఐ కట్టగలిగేవాడే కాదు. అయినా ఇప్పుడు ఆమె "నాకేమీ వద్దు" అంటే, అసలేముందని వదులుకోవడానికి అంటారు. అతను "ఇల్లు నీకే ఇచ్చేస్తున్నా" అంటే మహానుభావుడంటారు. న్యాయంగా సగం ఆమెదైన ఇంటిని మొత్తం తనదిగా చేసుకుని ఆమెకే ఇవ్వడం, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టే.

విడిపోయేటప్పుడు కూడా లెక్కలేనా, ఆ పదేళ్లకి విలువ కడతారా అని అడగొచ్చు. ఆ ఇబ్బంది నాకూ తెలుసు. కానీ కాగితం మీద తేలని లెక్క ఎక్కడికీ పోదు, మనసులో ఉండిపోతుంది. ఎవరికైనా ఏదైనా ఇస్తే దానితోపాటు తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత కూడా వెళ్తుందని ఫ్రెంచి సామాజికవేత్త మార్సెల్ మోస్ 1925లోనే రాశాడు. "ఇల్లే వదిలేశాను, పండక్కి పాపని పంపడానికేంటి నీకు?" అనే రోజు అలాగే వస్తుంది. ఇచ్చినవాళ్లు మర్చిపోరు, తీసుకున్నవాళ్లని మర్చిపోనివ్వరు.

ఇంకో రకం ఉంది. అలసిపోయి, త్వరగా బయటపడితే చాలని "నాకేమీ వద్దు" అనేవాళ్లు. దీన్ని త్యాగమంటే వాళ్లకి అన్యాయం చేసినట్టే. పైగా దీనివల్ల చిక్కులుంటాయి. ఇద్దరి పేరునా ఉన్న ఫ్లాటులో ఒకరు తమ వాటాని విడుదల దస్తావేజు రాసి రిజిస్టర్ చేయించి వదులుకోవచ్చు. లోను కూడా ఇద్దరి పేరునా ఉంటే, ఆ దస్తావేజుతో అది తీరదు. బ్యాంకు విడిగా ఒప్పుకునేదాకా అప్పుకి ఇద్దరూ బాధ్యులే. హక్కు వదులుకున్న మనిషి దగ్గర అప్పు మాత్రం మిగులుతుంది.

పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకునే వీలు హిందూ వివాహ చట్టంలోకి 1976లో వచ్చింది. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగమంటుంది చట్టం. ఆ గడువుని కొన్ని సందర్భాల్లో మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అందులో ఒక షరతు, భరణం, పిల్లల సంరక్షణ లాంటి విషయాలు ఆ ఇద్దరూ నిజంగా తేల్చుకుని ఉండాలని. కోర్టు కూడా తేల్చుకోవడాన్నే ముందు పెట్టింది. సామరస్యం అంటే లెక్క ఎత్తకపోవడం కాదు, గొంతు పెంచకుండా లెక్క చూసుకోగలగడం. ఇద్దరూ కూర్చుని ఎవరిదెంతో రాసుకున్నాక, "ఇది నాది, అయినా నువ్వుంచుకో" అని ఎవరైనా అంటే, అప్పుడు ఆ మాటని నేను నమ్ముతాను.

ఇంతకీ ఆ పంపకం గురించి కాత్యాయని ఏమందో కథలో లేదు. ఆమెది ఇల్లాలి తెలివి అని ఒక్క ముక్క చెప్పి ఉపనిషత్తు ముందుకెళ్లిపోతుంది. ఆమె తన వాటా తీసుకునే ఉంటుందని నేననుకుంటాను. అందులో చిన్నతనమేమీ కనిపించదు నాకు. ఆ ఇల్లు అన్నేళ్లు నడిచిందంటే ఎవరో ఒకరు నడిపే ఉండాలి కదా.