ర్యాంకు వచ్చాక మొదలయ్యే చదువు

ఎంసెట్ పేరు 2024లో ఈఏపీసెట్‌గా మారినా దేవరకొండలో, అచ్చంపేటలో ఇంటర్ పిల్లలున్న ఇళ్లలో ఆ ఆరాటం తగ్గలేదు. ఇంజనీరింగ్ పరీక్షలో మూడు గంటల్లో 160 ప్రశ్నలు. సగం లెక్కలే, ఫిజిక్స్, కెమిస్ట్రీలకు చెరో 40. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు, కాబట్టి దేన్నీ ఖాళీగా వదలకూడదు.

సీటు హైదరాబాద్ శివార్లలోనే రావాలని లేదు. 2007లో ఏర్పడిన నల్లగొండ విశ్వవిద్యాలయానికి, అంటే నేటి మహాత్మాగాంధీ వర్సిటీకి, పానగల్లులో సొంత ఇంజనీరింగ్ కళాశాల ఉంది. ఇంటికి దగ్గరని చిన్నచూపు చూడకుండా ఆప్షన్లలో పెట్టుకోదగ్గది.

అసలు కష్టం మొదటి సెమిస్టర్లో ఎదురవుతుంది.

పదో తరగతి దాకా తెలుగులో చదివిన అమ్మాయి ముందు మ్యాట్రిక్స్ పాఠమంతా ఇంగ్లిషులో సాగిపోతుంది. లెక్క ఆమెకు వచ్చు, ప్రశ్న అడగడానికే నోరు రాదు. డ్రాయింగ్ క్లాసులో ఒక గీత వంకరపోతే చెరిపి మళ్లీ గీయాలి. పక్కవాళ్ల షీటు అప్పటికే పూర్తయి ఉంటుంది. భయంతో క్లాసు ఎగ్గొట్టడం ఇక్కడే మొదలవుతుంది. అదే ప్రమాదం. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధన ప్రకారం హాజరు 75 శాతం ఉండాలి. సరైన కారణం చూపితే 65 దాకా మినహాయింపు దొరుకుతుంది. అంతకన్నా తగ్గితే సెమిస్టర్ పరీక్షే రాయనివ్వరు.

సబ్జెక్టు తప్పితే సప్లిమెంటరీ ఉంది. తప్పిన మాట ఇంట్లో దాచకుండా చెప్పగలిగే పిల్లలకు సగం బరువు దిగుతుంది. ఈ ఉదయం వింటున్న అమ్మానాన్నలు హాస్టల్‌కు ఫోన్ చేసినప్పుడు, మార్కులకన్నా ముందు క్లాసుకు వెళ్తున్నావా అని అడగండి.