పాత బాకీకి కొత్త చెల్లు

ఒరేయ్ అబ్బాయ్,

రాత్రి నీ ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. బాకీ సంగతి సరే, "పోనీలే మామయ్యా, ఓ ఐదువేలు పడేస్తే వాడి పీడ విరగడవుతుంది" అన్నావు చూడు, ఆ మాటే తెల్లార్లూ బుర్రలో తిరిగింది. అందుకే పొద్దున్నే కాగితం ముందేసుకున్నా.

తెనాలిలో ముప్పయ్యారేళ్లు వకీలు గుమాస్తాగా చేసినవాణ్ణి. ఎవరైనా ప్రామిసరీ నోటు పట్టుకొస్తే మా ప్లీడరుగారు ముందువైపు చూసేవారు కాదు, తిప్పి వెనక చూసేవారు. అసలు కథంతా అక్కడుండేది. నోటు రాసిన మూడేళ్లలోపు దావా పడాలి, లేకపోతే కాలదోషం పట్టినట్టే. ఆ గడువు ఇంకో వారంలో తీరిపోతుందనగా షావుకారు బాకీదారు ఇంటికొచ్చి, అరుగు మీద కూచుని, మజ్జిగ పుచ్చుకుని, "వడ్డీ అడగటంలేదులేరా, ఓ పది రూపాయలు చెల్లు వెయ్యి చాలు" అనేవాడు. వీడు సంబరపడిపోయి పది రూపాయలిచ్చి, నోటు వెనక తారీఖు వేసి, చెల్లు రాసి సంతకం పెట్టేవాడు. దాంతో నోటుకి మళ్లీ మూడేళ్ల ఆయుష్షు! ఆ పది రూపాయలు షావుకారు చుట్టలకి కూడా చాలవు. ఆయన వచ్చింది సంతకం కోసం.

ఐదువేలు కట్టమని నీకు ఫోన్ చేసినవాడు అరుగు మీద కూచోలేదు, మజ్జిగ తాగలేదు. మిగతాదంతా అదే వరస.

నువ్వు చెప్పినదాన్నిబట్టి ఆ క్రెడిట్ కార్డు బాకీ 2013 నాటిది. ఆ తర్వాత ఒక్క రూపాయి కట్టలేదు, ఎవరికీ ఏమీ రాసివ్వలేదు, కోర్టు నుంచి ఏ కాగితమూ రాలేదు అన్నావు. అదే నిజమైతే 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం దావా వేసే గడువు ఏనాడో దాటిపోయింది. కరోనా వల్ల సుప్రీంకోర్టు 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా రోజుల్ని లెక్కలోంచి తీసేసింది గానీ, నీ గడువు అంతకు ముందే ముగిసింది.

ఇక్కడో మెలిక ఉంది, జాగ్రత్తగా విను. గడువు లోపల సంతకంతో బాకీ ఒప్పుకున్నా, కొంత కట్టి కట్టినట్టు రాసిచ్చినా లెక్క మళ్లీ మొదలవుతుంది. గడువు దాటాక ఉత్త చెల్లుతో అది బతకదు. కానీ "ఈ పాత బాకీ నేను తీరుస్తాను" అని సంతకం పెట్టి రాసిచ్చావా, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ దాన్ని కొత్త ఒప్పందంగా చూస్తుంది. వాడు ఐదువేలతో పాటు "సెటిల్‌మెంటు ఫారం, లింకు నొక్కి ఓటీపీ చెప్పండి" అంటున్నాడన్నావే, నా భయమంతా దాని గురించే. ఆధార్ ఓటీపీతో పెట్టే ఈ-సంతకం కూడా సంతకమే నాయనా.

అసలు వాడెవడో నీకు తెలుసా? బ్యాంకులు మొండిబాకీల్ని కట్టలు కట్టి వేరే కంపెనీలకి అమ్మేస్తాయి, వాళ్లు ఏజెన్సీలకి అప్పగిస్తారు. ఆ జాబితాలు దొంగల చేతిలో పడినా నాకు ఆశ్చర్యం లేదు. కాబట్టి ఈసారి ఫోనొస్తే "అవును నాదే" అనొద్దు, "నాది కాదు" అని అబద్ధమూ ఆడొద్దు. "బాకీ వివరాలు, మీకు అధికారమిచ్చిన ఉత్తరం కాగితం మీద పంపండి" అని పెట్టెయ్. సక్రమమైన ఏజెంటు దగ్గర గుర్తింపు కార్డూ, అధికార పత్రమూ ఉండితీరాలి. మాటలు రికార్డు చేసుకో.

అరెస్టు వారంటంటే బెదరకు. తీర్చే స్తోమత లేక కట్టలేకపోయినవాణ్ణి జైల్లో పెట్టడం తగదని సుప్రీంకోర్టు 1980లోనే, జాలీ జార్జ్ వర్గీస్ కేసులో చెప్పింది. లోక్ అదాలత్ నోటీసు వస్తే అది రాజీకి పిలుపు. నీకిష్టం లేని రాజీ అక్కడ ఎవరూ రుద్దలేరు. కోర్టు సమను మాత్రం వేరు. కాలదోషం పట్టిందిలే అని ఇంట్లో కూర్చోకు. నువ్వు వెళ్లకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ అయ్యే ప్రమాదం ఉంది, ఆ డిక్రీని అమలు చేయించుకోడానికి వాళ్లకి పన్నెండేళ్లు గడువు. మూడేళ్ల బాకీ పన్నెండేళ్ల బాకీ అవుతుంది. ఖాళీ చెక్కు ఎవడడిగినా ఇవ్వకు, అది చెల్లకపోతే క్రిమినల్ కేసే.

మా అక్కకి రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి "మీవాడు దొంగ" అన్నారట! నాకు ఒళ్లు మండిపోయింది. పొద్దున ఎనిమిదికి ముందూ సాయంత్రం ఏడు దాటాకా వసూలుకి ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో స్పష్టంగా చెప్పింది. ఇంట్లోవాళ్లనీ స్నేహితుల్నీ వేధించకూడదనీ చెప్పింది. ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టు. ముప్పై రోజుల్లో పలక్కపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు. అక్కతో నేను మాట్లాడతాలే.

ఇక నీ మనసులో మాట. "వాడుకున్న డబ్బేగా మామయ్యా" అన్నావు. ఆ మాటకి సంతోషించాను. కాలదోషం పట్టినంతమాత్రాన అప్పు చచ్చిపోదు, కోర్టు తలుపు మూసుకుంటుందంతే. నీకు తీర్చాలనే ఉంటే తీర్చు, నేను అడ్డురాను. పద్దెనిమిది వేలు లక్షా నలభై వేలెలా అయిందో ముందు వాళ్లచేత లెక్క చెప్పించు. ఏడాదికోసారి ఉచితంగా వచ్చే సిబిల్ రిపోర్టు తెప్పించి ఆ బాకీ ఎవరి పేరున ఉందో చూడు. బేరం కుదిరితే ఇంతకి పూర్తిగా తీరిపోయిందని కంపెనీ లెటర్‌హెడ్డు మీద ముందు రాయించుకుని, ఒక్కసారే కంపెనీ ఖాతాలోకి కట్టు, నో డ్యూస్ సర్టిఫికెట్టు పుచ్చుకో. వాయిదాలు మాత్రం వద్దు.

ఆదివారం ఎలాగూ వస్తున్నావుగా. అటక మీద ఆ కార్డు స్టేట్‌మెంట్లు ఏవైనా మిగిలుంటే పట్టుకురా, కూచుని చూద్దాం. అందాకా ఆ లింకు నొక్కకు.

మీ మామయ్య