కొనదగిన ఆట

వార్‌క్రాఫ్ట్ 3 అనే వీడియోగేము కొనదగినదా, కాదా అని విద్యార్థులు కొందరు నన్ను అడుగుతూ ఉంటారు. ఇటువంటి ప్రశ్నకు విమర్శవ్యాసాల పత్రికలో చోటేమిటని పాఠకులకు అనిపించవచ్చు. కాని ఒక కుర్రవాడు నెలల తరబడి రాత్రిళ్లు ఏ ఊహాలోకంలో గడుపుతున్నాడు, ఆ లోకంలో ఎవరి పక్షాన నిలబడి ఎవరిని ఆజ్ఞాపిస్తున్నాడు అనేది, అతను ఏ నవల చదువుతున్నాడనే దానికంటె చిన్న విషయమేమీ కాదు. నవలను గురించి మనం అడిగే ప్రశ్నలన్నీ ఈ ఆటను గురించి కూడా అడగవలసిందే.

ఈ ప్రశ్నకు మనవాళ్ల దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి: ఆట ఆటే, అది కేవలం వినోదం, డబ్బుంటే కొనుక్కోవచ్చు, లేకపోతే మానుకోవచ్చు. రెండోది: రాజులు, కత్తులు, మంత్రాలు ఉన్న ఈ కథ భూస్వామ్య సంస్కృతి అవశేషం, పైగా అమెరికన్ కంపెనీ సరుకు, కనక ముట్టరాదు. ఈ రెండు జవాబులకూ ఒక సౌకర్యం ఉంది. ఏది చెప్పినా ఆటను పరిశీలించే శ్రమ తప్పుతుంది.

మొదటి జవాబును ఎక్కువగా చర్చించనవసరం లేదు. భావాలు లేని వినోదం ఎక్కడా లేదు. నవ్వించేది కూడా ఎవరిని చూసి నవ్వమంటున్నదీ చెప్పకుండానే చెబుతుంది.

రెండో జవాబు మనకు దగ్గరిది గనక దాన్ని కొంచెం పట్టించుకోవాలి. అద్భుతాలు ఉన్నంత మాత్రాన కథ అభివృద్ధి నిరోధకం కాదు. హేతువాదీ, మార్క్సిస్టూ అయిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా చందమామ పనిలో ఉన్నారు. రాక్షసులూ, మాంత్రికులూ, రాజకుమార్తెలూ నిండిన ఆ పత్రికకు దాదాపు 3 దశాబ్దాలు ఇవ్వటం తన భావాలకు విరుద్ధమని ఆయన అనుకోలేదు. అందులోని బేతాళ కథనే తీసుకోండి. శవం మాట్లాడటం అసంభవం. కాని ఆ శవం చివర వేసే ప్రశ్న అసంభవం కాదు. ఇద్దరిలో ఎవరిది న్యాయం, ఎవరి త్యాగం గొప్పది అని అడుగుతుంది. జవాబు తెలిసి చెప్పకపోతే తల పగులుతుందంటుంది. కథ అద్భుతమైనదే, పాఠకుడి మీద పడే బాధ్యత మాత్రం వాస్తవమైనది. కనక అద్భుతకథను తూచటానికి మన దగ్గర కొలబద్ద ఉంది. అది పాఠకుడి చేత ఏమి ఆలోచింపజేస్తున్నది అన్నదే ఆ కొలబద్ద.

వార్‌క్రాఫ్ట్ 3ను కాలిఫోర్నియాలోని బ్లిజర్డ్ కంపెనీ 2002లో విడుదల చేసింది. 1994లో వచ్చిన మొదటి వార్‌క్రాఫ్టులో మనుషులు ఒకవైపు, ఓర్కులు అనే ఆకుపచ్చని రాక్షసజాతి మరొకవైపు. మూడో ఆటకు వచ్చేసరికి ఆ రాక్షసులకు ఒక చరిత్ర వచ్చింది. యుద్ధంలో ఓడిపోయి నిర్బంధ శిబిరాలలో మగ్గినవాళ్లు, థ్రాల్ అనే నాయకుడి వెంట సముద్రం దాటి, స్వేచ్ఛగా బతకటానికి మరో నేల వెతుక్కుంటారు. చివరికి మనుషులూ, ఓర్కులూ, ఎల్ఫులనే అడవిజాతీ పాత వైరాలు పక్కకు పెట్టి ఉమ్మడి శత్రువును ఎదుర్కొంటారు. రాక్షసుడనే మాటను గెలిచినవాడే పుట్టిస్తాడని మన పురాణాల విషయంలో గ్రహించిన పాఠకుడు దీన్ని ముందడుగు అనే అంటాడు.

ఈ ఆటలో అన్నిటికంటె బలమైన కథ ఆర్థస్ అనే రాజకుమారుడిది. ప్రజలను కాపాడాలనే తపనతోనే అతను మొదలవుతాడు. స్ట్రాథోమ్ అనే నగరానికి విషధాన్యం చేరిందనీ, అది తిన్నవాళ్లు చచ్చి శత్రువు చెప్పినట్టు నడిచే శవాలుగా మారతారనీ తెలుస్తుంది. అలా మారకముందే ఊరినంతా చంపెయ్యమని ఆర్థస్ ఆజ్ఞాపిస్తాడు. గురువు ఊతర్ నిరాకరిస్తే ద్రోహి అంటాడు. స్నేహితురాలు జైనా ఆ ఘోరం చూడలేక వెళ్లిపోతుంది. తరువాత పగ తీర్చుకోవటానికి మంచుదేశం వెళ్లి, తన సైనికులు ఇంటికి మళ్లకుండా ఓడలను కిరాయి మనుషుల చేత తగలబెట్టిస్తాడు. ఆ నేరాన్ని ఆ కిరాయి మనుషుల మీదకే నెట్టి వాళ్లను చంపిస్తాడు. శాపగ్రస్తమైన కత్తి కోసం ఆత్మను వదులుకుని, తిరిగి వచ్చి కన్నతండ్రినే చంపుతాడు. మంచి ఫలితం కోసం ఏ మార్గమైనా ఫరవాలేదనేవాడు ఎక్కడికి చేరతాడో ఈ కథ మొహమాటం లేకుండా చెప్పింది. ఇంతవరకూ దీనిని మంచి విషాదకథ అనటానికి నాకేమీ అభ్యంతరం లేదు.

కాని ఇది చదివే కథ కాదు, ఆడే కథ. చిక్కు ఇక్కడే ఉంది.

స్ట్రాథోమ్ ఘట్టంలో ఊతర్ వెళ్లిపోవచ్చు, జైనా వెళ్లిపోవచ్చు. ఆటగాడు వెళ్లిపోవటానికి వీలులేదు. ఇళ్లు పడగొట్టించి, బయటపడ్డవాళ్లను చంపిస్తూ, ప్రత్యర్థికంటె ముందు 100 లెక్క పూర్తి చెయ్యాలి. అది పూర్తయితేనే కథ ముందుకు సాగుతుంది. బేతాళుడు తీర్పు అడుగుతాడు. ఈ ఆట తీర్పు అడగదు, అమలు చెయ్యమంటుంది. పైగా అమలు చేస్తున్నంతసేపూ ఆటగాడి మనస్సు న్యాయాన్యాయాల మీద ఉండదు, 100 మీద ఉంటుంది. పక్కన ప్రత్యర్థి లెక్క పెరుగుతున్నకొద్దీ తొందర పెరుగుతుంది. మనిషిని క్రూరుడిగా మార్చటానికి అతన్ని ద్వేషంతో నింపనవసరం లేదు, చేతికి ఒక లక్ష్యసంఖ్య ఇచ్చి గడియారం చూపిస్తే చాలును.

రోజువారీ ఆటలో కూడా ఇదే ధోరణి. మనుషుల పక్షాన ఆడేవాడు మొదట రైతులను పుట్టించాలి. ఒక్కొక్క రైతుకు 75 బంగారు నాణేలు ఖరీదు. అతను గనిలోకి వెళ్లి విడతకు 10 నాణేలు తెస్తాడు, చెట్లు కొడతాడు, కోటలు కడతాడు. గంట కొడితే పనిముట్టు వదిలి ఆయుధం పట్టి పోరాడతాడు, బతికి ఉంటే మళ్లీ పనిలోకి వెళతాడు. అతనికి కూలి లేదు, ఇల్లు లేదు, సెలవు లేదు. తిండి లెక్కన జనబలం 50 దాటితే, తెచ్చిన 10 నాణేలలో ఖజానాకు చేరేవి 7. జనబలం 80 దాటితే చేరేవి 4. సైన్యం పెరిగినకొద్దీ శ్రమఫలం తరిగిపోతుందనే ఆర్థిక సత్యం ఈ నిబంధనలో ఉంది. కాని ఆ తరుగు ఎవరి కంచంలోనుంచి పోయిందో ఆట చెప్పదు. తిరుగుబాటు లేదు, ఆకలి లేదు. నష్టమంతా రాజుగారి చిట్టాలోనే కనిపిస్తుంది.

ఓర్కుల పక్షాన పనిచేసేవాడి పేరు పియాన్. మన ఆఫీసులలో ప్యూను అనే మాటా, ఇంగ్లీషు చదరంగంలో బంటుకు వాడే మాటా, ఈ పియానూ ఒకే మూలానివి. కాలినడకన వెళ్లే సిపాయి అని మొదటి అర్థం. మన తెలుగులో కూడా బంటు అంటే సైనికుడూ అవును, సేవకుడూ అవును. నడిచేవాడు, మోసేవాడు, ముందు చచ్చేవాడు ఒక్కడేనని భాషలు ఎప్పుడో గ్రహించాయి. ఈ ఆటలో ఒక తమాషా ఉంది. ఏ మనిషినైనా పని చెప్పకుండా పదే పదే నొక్కుతూ పోతే అతను విసుక్కుంటాడు, వింత మాటలు మాట్లాడతాడు. ఆటగాళ్లు దానికి నవ్వుకుంటారు. నాకు మాత్రం అందులో ఆలోచించదగిన సంగతి కనిపించింది. ఇంత పెద్ద రాజ్యంలో కూలివాడు యజమాని మీద విసుక్కోవటానికి దొరికిన చోటు అదొక్కటే. అది కూడా హాస్యం కింద!

“అయితే చదరంగంలో బంటును బలిపెట్టేవాడు హంతకుడా?” అని అడగవచ్చు. కాదు. చదరంగపు బంటుకు ముఖం లేదు, ఊరు లేదు, వాడు చస్తే ఏడ్చేవారున్నారని ఆ ఆట మనకు చెప్పలేదు. వార్‌క్రాఫ్ట్ 3 చెప్పింది. ప్రజలను అంకెలుగా చూసిన రాజకుమారుడు పిశాచమయ్యాడని కథలో చెప్పి, ప్రజలను అంకెలుగా చూడటం వచ్చినవాడికే గెలుపు ఇస్తుంది. తన కథ ఖండించిన విద్యనే తన నిబంధనలు నేర్పుతాయి.

దీన్ని బట్టి ఆటను తోసిపుచ్చాలని నేను అనటం లేదు. ఈ వైరుధ్యాన్ని గమనించినవాడికి సాధారణంగా నవల ఇవ్వలేని అనుభవం ఒకటి దొరుకుతుంది. పైనుంచి చూసేవాడికి లోకం ఎలా కనిపిస్తుందో, ఆజ్ఞాపించటం ఎంత సుఖంగా ఉంటుందో అతనికి స్వయంగా తెలుస్తుంది. ప్రాజెక్టు కింద మునిగిపోయే ఊళ్లను ఇన్ని ఎకరాలు, ఇన్ని కుటుంబాలు, ఇంత పరిహారం అని పట్టికలో చదివే అధికారి అందరూ అనుకునేటంత దుర్మార్గుడు కాకపోవచ్చు. ఆ పట్టిక అతనికి చూపించేది అంతే. ఈ సంగతి మన విద్యార్థికి రాజనీతి పాఠంలో ఒక విధంగా తెలుస్తుంది, ఆ పట్టిక తన చేతికే వచ్చినప్పుడు మరొక విధంగా తెలుస్తుంది. కనక ఆడటానికి ఇది తగిన ఆటే. గమనించకుండా ఆడేవాడికి మాత్రం ఇది మంచి శిక్షణ కాదు.

ఇక ఆడటం వేరు, కొనటం వేరు. కొన్నప్పుడు ఏమి చేతికి వస్తుంది?

2002 నాటి ఆటతో పాటు, కొత్త పటాలూ కొత్త ఆటలూ తయారుచేసుకునే సాధనాన్ని కూడా కంపెనీ ఆటగాళ్లకు ఇచ్చింది. ప్రపంచమంతటా ఆటగాళ్లు దానితో జీతం లేకుండా వేలకొద్దీ ఆటలు అల్లారు. వాటిలో ఒకటి 2003లో ఒక ఆటగాడు ప్రారంభించగా ఇతరులు చేతులు మార్చుకుంటూ పెంచిన డోటా. దానినుంచి వీడియోగేములలో ఒక కొత్త ప్రక్రియే పుట్టింది. 2009లో లీగ్ ఆఫ్ లెజెండ్స్, 2013లో డోటా 2 ఆ విత్తనం నుంచి మొలిచినవే. ఆటగాళ్లు పుట్టించిన డోటా పేరు ఎవరికి చెందాలని రెండు పెద్ద కంపెనీలు తగాదా పడి 2012లో రాజీకి వచ్చాయి. 2020 జనవరిలో బ్లిజర్డ్ వార్‌క్రాఫ్ట్ 3ను కొత్త రూపంలో విడుదల చేస్తూ, ఆటగాళ్లు ఈ సాధనంతో తయారుచేసేదంతా తన సొత్తేనని నిబంధనలలో రాసుకున్నది. అంతకుముందు ప్రదర్శించి చూపిన హంగులు కొన్ని అందులో లేవు. పాత ఆట కొనుక్కున్నవాళ్లు కూడా, ఇంటర్నెట్‌లో ఆడాలంటే కొత్త రూపానికి మారక తప్పలేదు. గొడవ జరిగి, అడిగినవాళ్లకు కంపెనీ డబ్బు వాపసు ఇచ్చింది. 2024 నవంబరులో పెద్ద సవరణ ఒకటి వచ్చింది. ఐనా ఈ ఉదంతంలోనుంచి నిలిచిన సత్యం ఒకటుంది. పుస్తకం కొంటే అది మన అలమారలో ఉంటుంది, ప్రచురణకర్త రాత్రికి రాత్రి వచ్చి పేజీలు మార్చలేడు. ఇటువంటి ఆట కొంటే మనకు దక్కేది వాడుకోవటానికి అనుమతి మాత్రమే.

ఈ సరుకు వెనక పనివాళ్లు ఉన్నారనే సంగతి కూడా మరవరాదు. స్త్రీల పట్ల వేతనాలలోనూ, పదోన్నతులలోనూ వివక్ష, వేధింపులు ఉన్నాయని కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ 2021 జూలైలో ఆ సంస్థ మీద దావా వేసింది. ఆ నెలలోనే ఉద్యోగులు పని మాని బయటికి వచ్చారు. 2023 డిసెంబరులో దాదాపు 5 కోట్ల 40 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. వేధింపుల ఆరోపణలు కోర్టులో రుజువు కాలేదు. 2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను 6,870 కోట్ల డాలర్ల లెక్కన కొన్నది. 2024 జనవరిలో తన ఆటల విభాగంలో 1,900 మందిని తీసేసింది. అదే సంవత్సరం జూలైలో, ఇదే కథాలోకానికి చెందిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ తయారుచేసే 500 మందికి పైగా ఉద్యోగులు కార్మిక సంఘం పెట్టుకున్నారు. ఆటలోని పియాన్ చెయ్యలేని పని ఆటను తయారుచేసేవాళ్లు చేశారు.

అంటే కొనకుండా ఉండటమే అభ్యుదయమా? మనలో కొందరికి అలా అనిపిస్తుంది. నేను ఒప్పుకోను. ఒక విద్యార్థి ఒంటరిగా కొనటం మానుకుంటే అతని అంతరాత్మకు తృప్తి కలగవచ్చుగాని ఉత్పత్తి సంబంధాలలో వెంట్రుకవాసి మార్పు రాదు. మనం ఒంటిమీద వేసుకునే చొక్కా కూడా ఎవరి శ్రమనో దోచిన సరుకే. బహిష్కారం సంఘటితమైనప్పుడే ఆయుధం. అలాగని కొనటం నీతికి సంబంధం లేని విషయమని కూడా కాదు. వస్తువుకు మారకపు విలువ ఒకటి, ఉపయోగపు విలువ మరొకటి ఉన్నాయి. మొదటిది కంపెనీ నిర్ణయించింది: 2020లో 30 డాలర్లకు ఒక సెంటు తక్కువ. ఇప్పటి రేటున ఆ డాలర్లు రెండున్నర వేల రూపాయలు దాటుతాయి. హాస్టలు విద్యార్థికి అది చిన్న మొత్తం కాదు. రెండోది నిర్ణయించవలసింది మనం.

నా నిర్ణయం చెబుతాను. రాత్రిళ్లు తెలియకుండా గడిచిపోవటానికైతే వార్‌క్రాఫ్ట్ 3కు ఆ ధర దండగ. అంతకంటె ఎక్కువగా ఆ రాత్రిళ్లు దండగ. దానితో కొత్త ఆట అల్లి పేరు తెచ్చుకుందామనుకునేవాడు, తన శ్రమఫలం తనది కాదని ముందే ఒప్పుకుంటున్నట్టు తెలుసుకుని మరీ కొనాలి. ఆ శ్రమకు అంతకంటె స్వేచ్ఛ ఉన్న సాధనాలు ఉన్నాయి. ఆర్థస్ కథనూ, రైతు చిట్టానూ పక్కపక్కన పెట్టి పరిశీలించదలచినవాడికి మాత్రం ఆ డబ్బుకు తగిన ప్రతిఫలం ఉంది. అది కూడా నలుగురు స్నేహితులు డబ్బులు వేసుకుని, ఒకే కంప్యూటరు చుట్టూ కూచుని, ఒకరు ఆడుతూ ముగ్గురు తర్కిస్తూ గడిపితే మరింత బాగుంటుంది. వెనక గ్రంథాలయంలో ఒకరు పత్రిక పైకి చదివితే పదిమంది విని వాదించుకునేవారు. స్ట్రాథోమ్ ఘట్టం దగ్గర ఆట ఆపి, ఊతర్ చేసింది సరైనదా, అతను వెళ్లిపోవటం వల్ల ఎవరి ప్రాణమైనా దక్కిందా అని ఆ నలుగురూ పోట్లాడుకోగలిగితే, ఆట అడగని ప్రశ్నను వాళ్లు అడిగినట్టవుతుంది.

మన పత్రికలు నవలలనూ, సినిమాలనూ సమీక్షిస్తున్నాయి. మన విద్యార్థులు నవలలకంటె ఎక్కువ కాలం గడిపే ఈ ఆటలను గురించి తెలుగులో విమర్శ అనదగినది చాలా తక్కువ. దాన్ని అమ్మేవాళ్ల ప్రకటనలకూ, తిట్టేవాళ్ల నిట్టూర్పులకూ వదిలిపెట్టకుండా విమర్శకులు చేపట్టాలి. ఒక్కొక్క ఆటనూ తీసుకుని, అది ఎవరిని మనిషిగా చూపిస్తున్నది, ఎవరిని అంకెగా చూపిస్తున్నది అని వివరంగా పరిశీలించే వ్యాసాలు రావాలి.