కొంగను కొట్టొచ్చా సార్?

పోయిన చలికాలంలో నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు బడికి వచ్చాడు. యానాదుల పిల్లాడు, ఇరవై ఏళ్లుంటాయి. కైకలూరు వైపు ఒక చేపల చెరువుకి కాపలా ఉంటున్నాడు. కొంగలూ నీటికాకులూ వాలకుండా పగలంతా గట్ల మీద తిరుగుతూ డబ్బా వాయించడం, టపాకాయలు కాల్చడం అతని పని. ఈమధ్య చెరువు యజమాని అతని చేతికి ఎయిర్ గన్ ఇచ్చాడట.

"దీనికి లైసెన్సు అక్కర్లేదంట సార్. రోజుకి పదన్నా పడగొట్టమంటున్నాడు. కొట్టొచ్చా?" అని అడిగాడు.

"వద్దురా, కేసవుతుంది" అన్నాను. తలూపి వెళ్లిపోయాడు. వాడు వెళ్లాక నా జవాబు నాకే సరిపోలేదు. కేసు కాకపోతే కొట్టొచ్చా మరి? వాడి మాటలో రెండు ప్రశ్నలున్నాయి. చట్టం ఒప్పుకుంటుందా అన్నది ఒకటి, ధర్మం ఒప్పుకుంటుందా అన్నది రెండోది. నేను మొదటిదానికి సగం చెప్పాను, రెండోదాని జోలికే పోలేదు.

ముందు చట్టం సంగతి చూద్దాం. మన పిల్లలు తెలియక ఇరుక్కునేది ఇక్కడే. తక్కువ శక్తి గల కొన్ని ఎయిర్ గన్‌లకు లైసెన్సు అక్కర్లేదన్న మాట నిజమే. అది ఆయుధాల చట్టం. పిట్ట సంగతి చూసేది వేరే చట్టం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. తుపాకీ పట్టుకోవడానికి అడ్డు లేకపోయినంత మాత్రాన పిట్టను కొట్టడానికి అనుమతి వచ్చినట్టు కాదు. ఆ చట్టం జాబితాల్లో ఉన్న పక్షిని వేటాడటం నేరం. కొంగలూ నీటికాకులూ ఆ జాబితాల్లో ఉన్నవే. వేట అంటే చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు పన్నడం, వల వేసి పట్టడం, గూళ్లు చెదరగొట్టడం, గుడ్లు పగలగొట్టడం కూడా వేటే. పిట్ట మన సొంత పొలంలో వాలినా లెక్క మారదు.

మరి పంట పోతుంటే దారి లేదా? ఉంది, కాని ఇరుకుదారి. నెమలి లాంటి మొదటి జాబితా పక్షికి పంట తిన్నదన్న కారణం పనికిరాదు. రెండో జాబితాలో ఉన్నవాటికి, మనిషి ప్రాణానికో ఆస్తికో పైరుకో ప్రమాదం అయినప్పుడు, రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గాని, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గాని కారణాలు రాసి అనుమతి ఇవ్వవచ్చు. అది కాగితం మీద ఉండాలి. యజమాని నోటిమాట అనుమతి కాదు. అనుమతి లేకుండా కొడితే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మొదటి జాబితా ప్రాణి అయితే మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన కొల్లేరు లాంటి చోట వేటాడినా ఈ పెద్ద శిక్షే. మనం గిరిజనులం కదా, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది కదా అనుకునేవాళ్లు ఒక మాట గుర్తుంచుకోవాలి. ఆ చట్టం భూమి మీద, అటవీ ఫలసాయం మీద హక్కులు ఇచ్చింది గాని, వేటను అందులోంచి తీసేసింది.

ఈ చట్టంలో మొన్నటిదాకా ఐదో జాబితా ఒకటుండేది. కాకి, పండ్లు తినే గబ్బిలం, ఎలుక, చుంచు అందులో ఉండేవి. వాటికి హానికర జంతువులని పేరు. వాటిని చంపడానికి ఎవరినీ అడగక్కర్లేదు. 2022 సవరణతో ఆ జాబితా పోయింది. సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు రెండో జాబితాలోని ప్రాణిని హానికరమని ప్రకటించాలంటే కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వాలి. ఏ ప్రాంతంలో, ఎంతకాలం అన్నది అందులో చెప్పాలి.

ఆ ఐదో జాబితా గురించి చదివినప్పుడు నాకు మా తాత గుర్తొచ్చాడు. మేం ఎరుకలవాళ్లం. 1871లో పుట్టిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. మా వాళ్లను ఆ జాబితాలో ఎక్కించారు. మా తాత ఏ దొంగతనమూ చేయలేదు. అయినా సెటిల్‌మెంటులో రోజూ హాజరు పలికేవాడు, పక్క ఊరు పోవాలంటే చీటీ తీసుకునేవాడు. "నువ్వేం చేశావు" అని ఆయన్ని ఎవరూ అడగలేదు. "నువ్వెవరు" అని మాత్రమే అడిగారు. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. ఊళ్లో ఏదైనా పోతే ముందు మన పేటకేసి చూసే అలవాటు మాత్రం ఇంకా పోలేదు.

మనిషినీ పిట్టనూ ఒకటి చేస్తున్నానని అనుకోకండి. ఒక జాతి మొత్తానికి చెడ్డపేరు పెట్టి, ఆ పేరు చూసి దెబ్బ వేయడం ఎలా ఉంటుందో మనకి తెలుసు. అది తెలిసిన మనం "కొంగజాతే దొంగజాతి" అని ఎవరైనా అంటే వెంటనే తలూపకూడదు. ఏ పిట్ట, ఏ చోట, ఏ కాలంలో, ఎంత నష్టం చేసిందని అడగాలి. చెరువులో చేపపిల్లను తినే తెల్లకొంగే దుక్కి దున్నేటప్పుడు నాగలి వెనక నడిచి పురుగులు ఏరుతుంది. కంకి మీద వాలే గిజిగాడు తన పిల్లలకు పురుగులు తెచ్చి పెడుతుంది. పిట్టలు వాలి పురుగుల్ని తినాలని వ్యవసాయాధికారులే చేలో కర్రలు పాతమంటారు. చైనాలో 1958లో పిచ్చుకను ధాన్యం దొంగ అని దేశమంతా కలిసి చంపారు. పంటల మీద పురుగు పెరిగింది. 1960లో పిచ్చుక పేరు తీసేసి ఆ చోట నల్లిని పెట్టారు.

అలాగని నష్టం లేదనను. కౌలుకు చేసే రైతుకి నాలుగు బస్తాలు పోతే ఆ ఏడు అప్పు తీరదు. పిట్టను కాపాడమని చెప్పే ప్రభుత్వం అతని నష్టాన్ని కూడా లెక్కగట్టాలి. అర్జీ ఎక్కడ పెట్టాలో తెలియని వాడికి అనుమతి దారి ఉన్నా లేనట్టే. ఈ మాట మనం గట్టిగానే అడగాలి. కాని కొల్లేటి చుట్టుపక్కల ఇంకో సంగతి కూడా ఉంది. సరస్సు నేలలోనే చెరువులు తవ్వారు. కొంగ చెరువుకి రాలేదు, చెరువే కొంగ ఉన్న చోటికి వచ్చింది.

మన పెద్దలు పిట్టలు పట్టలేదా అని మీరు అడగవచ్చు. పట్టారు. ఆకలికి పట్టారు, కొందరు సంతలో అమ్మారు కూడా. ఆకలికి పట్టినవాడినీ సరదాకి కొట్టినవాడినీ చట్టం ఒకే గాటన కట్టడం నాకూ బాధగానే ఉంటుంది. అయితే మా కుర్రాడికి వచ్చింది ఆకలి వేట కాదు. చేప యజమానిది, లాభం యజమానిది, చంపే చెయ్యి మాత్రం వీడిది. రేపు ఫారెస్టు వాళ్లు వస్తే గట్టు మీద తుపాకీతో దొరికేది కూడా వీడే. పక్క ఊళ్లో మళ్లీ అదే మాట పుడుతుంది: "వాళ్లంతే, వేటగాళ్లు."

వారం తర్వాత వాడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. చెరువు మీద వల కట్టమని, దారాలూ మెరుపు రిబ్బన్లూ లాగమని యజమానిని అడగమన్నాను. మన పాత వడిసెల కూడా పిట్టను లేపడానికే గాని చంపడానికి కాదని గుర్తుచేశాను. వాడు తుపాకీ తిరిగి ఇచ్చేశాడు. నెలాఖరుకి ఆ పని పోయింది. రెండు నెలలు ఖాళీగా ఉండి, ఇప్పుడు ఇంకో చెరువు మీద కుదిరాడు.

నా మాట వల్ల వాడికి రెండు నెలల కూలి పోయిందన్నది నేను మర్చిపోలేదు. అందుకే తోటి ఉపాధ్యాయులకు ఈ మాట. పిల్లవాడు చెరువు గట్టు ఎక్కకముందే, మన తరగతిలో ఉన్నప్పుడే ఈ చట్టం చెప్పండి. ఒక్కడు తుపాకీ తిరిగి ఇస్తే పని పోతుంది. పేటలోని కుర్రాళ్లంతా పట్టుకోం అంటే యజమాని వల కొనక తప్పదు.