ఔషధధర్మము

వెల యిచ్చి కొన్న వస్తువును యజమాని తన యిచ్చ వచ్చినట్లు వాడుకొనవచ్చునని లోకమున నొక విశ్వాసము గలదు. వస్త్రమునకును, కుండకును, కొడవలికిని ఈ న్యాయము చెల్లుగాక. ఔషధమునకును చెల్లునా? ఈ ప్రశ్నను మా యింటి యావు మా ముందుంచినది.

కొన్ని యేండ్ల క్రిందట దానికి పొదుగువాపు వచ్చెను. పశువైద్యుడు ఐదు దినములకు మందిచ్చి, ఆ దినములందును, ఆ పిమ్మట తాను చెప్పిన గడువువఱకును పాలు ఎవ్వరికిని పోయరాదనెను. మూడవనాటికి వాపు తగ్గెను. మేము మందు మానితిమి. మిగిలినదానిని మఱియొకప్పటికి పనికివచ్చునని దాచితిమి. పాలు వాడుకవారికి పోసితిమి. వారిలో పసిబిడ్డలున్న యిండ్లు రెండు. మందు కలసిన పాలు కాచినంత మాత్రమున శుద్ధములు కావని మేమెఱుగుదుము. రెండు నెలలకు వ్యాధి తిరుగబెట్టెను. ఈసారి ఆ మందు పనిచేయలేదు. పాఠశాలలో సత్యమును బోధించుచు, ఇంట మేము చేసిన పని యిది.

యాంటీబయాటిక్కులనబడు నీ మందులు సూక్ష్మజీవులను చంపును. కాని మందున కోర్చుకొనగల కొన్ని మిగిలి, పెరిగి, ఆ గుణమును పొరుగుజాతులకు సైతము పంచిపెట్టును. పేడతోను, మురుగునీటితోను, పచ్చిమాంసము తాకిన చేతులతోను అవి మనుష్యులను చేరును. కావున మందు కొన్నది మనమైనను, తఱిగిపోవునది అందఱి సొత్తు. ఊరుమ్మడి చెరువునకు గండికొట్టినవాడు తన పొలమునకే నీరు పెట్టుకొంటినన్నచో నొప్పుకొందుమా?

ఇది క్రొత్తగా తెలిసిన సంగతి కాదు. పెన్సిలినును కనుగొనిన ఫ్లెమింగు 1945లో నోబెలు బహుమానపు టుపన్యాసమందే, చాలని మోతాదు సూక్ష్మజీవులను మందున కలవాటు పఱచునని హెచ్చరించెను. పశువులు త్వరగా బరువెక్కుటకై దాణాలో నీ మందులు కలుపు నాచారమును 1969లో బ్రిటనునందలి స్వాన్ సంఘము తప్పుపట్టెను. ఐరోపా సమాఖ్య 2006లో నిషేధించెను. మనుష్యులకు తుది శరణముగానున్న కొలిస్టినును ఆహారమునకై పెంచు జంతువులకు అమ్మరాదని మన ప్రభుత్వము 2019లో శాసించెను. మొదటి హెచ్చరికకును ఈ శాసనమునకును నడుమ డెబ్బదినాలుగేండ్లు గడచినవి.

ఒక్క గేదెయే జీవనాధారమైన యింట నీ ధర్మము నిలుచునా యని కొందఱడుగుదురు. ఆక్షేపణ న్యాయమే. నోరులేని జీవమును బాధలో విడువుమని మేమనము. రోగమునకు మందు వేయుట ధర్మము. రోగము లేనప్పుడు వేయుట, వైద్యు నడుగక వేయుట, నడుమ మానుట యధర్మములు. రొయ్యలకు వచ్చు తెల్లమచ్చ తెగులు వైరసు వలన గలుగునది. భయముచే చెరువులో పోసిన యాంటీబయాటిక్కు దానిని తాకదు, ధనమును మందును గూడ చెఱచును. శుభ్రమైన కొట్టము, వేళకు వేయించిన టీకా, ఇఱుకుగాక పెంచిన కోళ్లు మందుల యవసరమునే తగ్గించును. ఇక పేదరైతునకు పశువైద్యుని చేరువచేయుట సంఘముయొక్క బాధ్యత. అందఱి మేలుకై పాలు పారబోసినవాని నష్టమును అతడొక్కడే మోయవలెనా?

ఇప్పుడు మా పశువునకు మందు పడినపుడు వాడుకవారి యిండ్లకు పోయి, కారణము చెప్పి, పాలు మానుచున్నాము. రెండిండ్లవారు వేఱొకరికడ పోయించుకొనసాగిరి. ఆ నష్టము మాకు తగినదే.